ఘుమ్సర్ యుద్ధం తర్వాత: గంజాం కొండల్లో సర్కారు, మెరియా, మిషన్లు

గంజాం జిల్లాలో 1835 నుంచి 1837 దాకా సాగిన ఘుమ్సర్ యుద్ధం ఒక జమీందారు కట్టాల్సిన పేష్కష్ బకాయి దగ్గర మొదలైంది. ముగిసేసరికి ఈస్టిండియా కంపెనీ చేతికి ఆ జమీందారీతో పాటు, అంతవరకు తన అధికారులకు కొత్త అయిన కొండలు వచ్చాయి. ఆ కొండల్లో ఏటా జరిగే నరబలి సంగతి కూడా అప్పుడే తెలిసింది. యుద్ధం అయిపోయాక ఇంకో ఇరవై నాలుగేళ్లు కంపెనీ, దాని తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం ఆ కొండలను వదలకుండా పట్టుకుని ఉండటానికి చెప్పిన కారణం ఆ బలే. కారణం అబద్ధం కాదు. దాన్ని అడ్డం పెట్టుకుని సర్కారు అక్కడ పాతుకుపోయిందన్నదీ అబద్ధం కాదు.

అప్పటి గంజాం మద్రాసు రాజధానికి ఉత్తరపు కొస. తీరం వెంబడి ఛత్రపురం పక్కన ఆర్యపల్లి, ఇంకొంచెం దక్షిణాన గోపాలపురం లాంటి చోట్ల తెలుగు మాట్లాడే వాడబలిజలు, జాలరులు ఉండేవారు. ఒడియావాళ్లు వీళ్లను నోళియాలంటారు. బరంపురంలో తెలుగు నేతగాళ్లు, కోమట్లు, కచేరీ ఉద్యోగులు. రుషికుల్య ఒడ్డున వరి పండే మైదానంలో ఒడియా రైతులు. తీరానికి వంద కిలోమీటర్లకు అటూ ఇటూగా కనుమలు లేస్తాయి. వాటి మీద కోందులు. వీళ్ల కుయి భాష ద్రావిడ కుటుంబంలో తెలుగు ఉన్న శాఖకే చెందుతుంది. భాషను బట్టి చూస్తే కోందులకు తీరంలోని తెలుగువాళ్లు దగ్గరి చుట్టాలు. కానీ ఈ చుట్టరికం ఇద్దరికీ తెలియదు, ఎవరికీ అక్కరకు రాలేదు కూడా. కొండకూ మైదానానికీ మధ్య మాటామంతీ అంతా ఒడియాలోనే నడిచేది. తీరం నుంచి ఉప్పు, ఎండుచేప, బట్ట, ఇత్తడి సామాను పైకి వెళ్లేవి. పసుపు కిందికి దిగేది.

ఈ రాకపోకలు రెండు రకాల మనుషుల చేతుల్లో ఉండేవి. మొదటివాళ్లు బిసోయిలు. కనుమల మీద రాజు తరఫున ఉండి, కోందులతో వ్యవహారం నడిపే నాయకులు వీళ్లు. కోందు పెద్దలు రాజుకు పన్ను కట్టేవారు కాదు. కానుకలిచ్చి, రాజు కట్టబెట్టిన పాగా పుచ్చుకుని, యుద్ధమొస్తే విల్లు పట్టుకుని వచ్చేవారు. రెండోవాళ్లు పాణోలు. కోందు పల్లెల అంచున గుడిసెలు వేసుకుని బట్ట నేసేవారు, వ్యాపారం చేసేవారు, దుబాసీలుగా ఉండేవారు. కోందులు వీళ్లను తమకన్నా తక్కువగా చూసేవారు. అయినా వీళ్లు లేకుండా వాళ్లకు ఒక్క రోజు గడిచేది కాదు. బలికి కావలసిన మనుషులను కొని తెచ్చి అమ్మేదీ ఈ పాణోలే. యుద్ధం తర్వాతి చరిత్రలో తెల్ల అధికారుల పేర్లు పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి గానీ, జరిగిన పని చాలామటుకు ఈ మధ్యవర్తుల మీదుగానే జరిగింది. చెడిన పని కూడా అలాగే చెడింది.

ఘుమ్సర్ భంజ వంశపు జమీందారీ. ఒడియా కావ్యకవి ఉపేంద్ర భంజ పుట్టింది ఈ వంశంలోనే. జమీందారు ధనంజయ భంజ బకాయి పడ్డాడని 1835లో కంపెనీ సైన్యం ఘుమ్సర్‌లో దిగింది. ఆయన కుటుంబంతో సహా కనుమలెక్కి కోందుల దగ్గర తలదాచుకున్నాడు. ఆ ఏడాది చివరిలో అక్కడే చనిపోయాడు. తన వాళ్లను తెల్లవాళ్లకు అప్పగించవద్దని కోందులతో మాట తీసుకున్నాడంటారు. 1836 ఫిబ్రవరిలో ఉదయగిరి నుంచి రాజకుటుంబాన్ని కిందికి తీసుకొస్తున్న చిన్న పటాలం మీద కనుమదారిలో కోందులు పడ్డారు. ఇద్దరు ఇంగ్లీషు అధికారులు, పదిమందికి పైగా సిపాయిలు చచ్చారు. అక్కడితో బకాయి వసూలు వ్యవహారం అసలు యుద్ధమైంది. మద్రాసు రెవెన్యూ బోర్డు సభ్యుడు జార్జ్ ఎడ్వర్డ్ రస్సెల్‌ను కమిషనరుగా పంపారు. ఊళ్లు తగలబడ్డాయి, పట్టుబడ్డ నాయకులను ఉరితీశారు. బాణాలకన్నా కొండజ్వరం సిపాయిలను ఎక్కువ మందిని తీసుకుపోయింది. వానాకాలం పని ఆపి, చలికాలంలో మళ్లీ మొదలుపెట్టి, 1837లో ముగించారు.

కోందులను నడిపించిన దొర బిసోయి తప్పించుకుని అంగుల్ వెళ్లాడు. 1837లో అక్కడ దొరికిపోయాడు. అతన్ని తెలుగునేలకు తెచ్చి, అనంతపురం జిల్లాలోని గుత్తిలో ఖైదు చేశారు. 1846లో అక్కడే చనిపోయాడు. ఘుమ్సర్ కొండలకూ గుత్తి కొండకూ ఏ సంబంధమూ లేదు. మద్రాసు ప్రభుత్వానికి కావలసింది కూడా సరిగ్గా అదే. అతని అన్నకొడుకు చక్ర బిసోయి మాత్రం ఎవరికీ చిక్కలేదు. 1846 నుంచి పదేళ్లపాటు ఘుమ్సర్, బోద్, కలహండి కొండల్లో ఎక్కడ అలజడి లేచినా సర్కారు కాగితాల్లో అతని పేరే వచ్చేది. 1856లో పర్లాకిమిడి సవరల తిరుగుబాటులోనూ అతని చెయ్యి ఉందన్నారు. ఆ తర్వాత అతను ఏమయ్యాడో రికార్డులో లేదు.

యుద్ధం ముగించిన తీరు గమనించదగ్గది. ఘుమ్సర్ జమీందారీని రద్దుచేసి నేరుగా సర్కారు తాలూకాగా మార్చారు. దొర బిసోయి స్థానంలో, తమవైపు నిలిచిన సామ్ బిసోయిని కోందుల మీద బక్షీగా పెట్టారు. కోందులకు పన్ను వేయబోమని మాటిచ్చారు. సైన్యం దిగిన నౌగాం దగ్గర పటాలం స్థిరపడి, ఆ ఊరికి రస్సెల్‌కొండ అని పేరొచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత అదే భంజనగర్ అయింది. పేరు ఇచ్చినవాడి నుంచి ఓడిపోయిన వంశానికి తిరిగి చేరిన ఊళ్లు దేశంలో చాలా తక్కువ.

రస్సెల్ 1836 ఆగస్టులోనూ 1837 మేలోనూ పంపిన నివేదికల ద్వారా మెరియా బలి సంగతి మద్రాసు చేరింది. కోందుల నమ్మకంలో భూదేవత తారి పెన్ను. ఆమెకు మనిషి రక్తం అందకపోతే పైరు పండదు, పిల్లలు బతకరు, పసుపుకు రంగు పట్టదు. బలి మనిషిని డబ్బో సరుకో ఇచ్చి కొనితీరాలి. ఊరికే పట్టుకొచ్చినవాడు పనికిరాడు. ధర పశువులు, ఇత్తడి పాత్రలు, బట్టల లెక్కలో కట్టేవారు. కొన్నవాళ్లలో మైదానంలో కరువుకు అమ్ముడైన పిల్లలు, పాణోల పిల్లలు ఎక్కువ. ఇలా కొన్న మనిషిని, అంటే మెరియాను, ఏళ్ల తరబడి ఊళ్లో ఆదరంగా పెంచేవారు. కొందరికి పెళ్లి చేసి పొలమూ ఇచ్చేవారు. రోజు రాగానే చంపి, మాంసం ముక్కలను వచ్చినవాళ్లందరూ తమ తమ పొలాలకు తీసుకెళ్లి పాతుకునేవారు. చంపే పద్ధతి చోటును బట్టి మారేది. చిన్నకిమిడిలో ఏనుగు తల ఆకారంలో చెక్కిన దుంగకు మనిషిని కట్టి, దుంగ మీద గిరగిర తిప్పుతూ చేసేవారు. అలాంటి దుంగ ఒకటి బల్లిగూడ నుంచి మద్రాసు మ్యూజియం చేరింది. ఎడ్గర్ థర్‌స్టన్ తన దక్షిణభారత కులాలు, తెగల గ్రంథంలో దాన్ని వర్ణించాడు. దాన్ని కొయ్యబొమ్మలా చూసినవాడికి అందులో వడ్రంగి పనితనమే కనిపిస్తుంది.

మొదట్లో సర్కారుకు ఏం చెయ్యాలో పాలుపోలేదు. 1837లో ఒక కెప్టెన్ కొండెక్కి కొందరు మెరియాలను బలవంతంగా లాక్కొచ్చాడు. ఇలా అయితే మళ్లీ యుద్ధం తప్పదని రస్సెల్‌కు తోచింది. దౌర్జన్యం వద్దు, నచ్చజెప్పాలి, బజార్లు పెట్టాలి, రోడ్లు వెయ్యాలి అని ఆయన సలహా. ఈ పని గంజాం కలెక్టరుకు సహాయకుడైన జాన్ క్యాంప్‌బెల్ మీద పడింది. అతను రాసిపెట్టిన ప్రమాణం తీరు చెప్పుకోదగ్గది. కోందు పెద్దలు పులిచర్మం మీద కూర్చునేవారు. చేతిలో కొంచెం మన్ను, బియ్యం, నీళ్లు పట్టుకునేవారు. మాట తప్పితే భూమి పండకూడదు, అన్నం గొంతులో అడ్డుపడాలి, నీళ్లు ముంచెయ్యాలి, పులి తమనూ తమ పిల్లలనూ తినాలి అని ఒట్టు పెట్టేవారు. ఈ ఒట్టు తెల్లవాళ్లది కాదు. కోందులు తమ తగాదాల్లో పెట్టుకునేదే. సర్కారు దాన్ని అరువు తెచ్చుకుంది.

ఒట్టు పెట్టినా దేవత కోపం సంగతేమిటి? దీనికి ఘుమ్సర్ కోందులు తామే ఒక దారి కనిపెట్టారు. మనిషికి బదులు దున్నపోతును బలిచ్చి, ఈ మార్పు తమ ఇష్టం కాదని, కోపముంటే దొర మీదా సర్కారు మీదా చూపించుకొమ్మని, భరించే శక్తి వాళ్లకుందని తారికి విన్నవించుకున్నారు. క్యాంప్‌బెల్ ఈ నింద మోయడానికి సంతోషంగా ఒప్పుకున్నాడు. గట్టిగా చూస్తే, ఘుమ్సర్‌లో మెరియా ఆగడానికి తుపాకీకన్నా ఈ ఒప్పందమే ఎక్కువ పనిచేసింది. నమ్మకం అలాగే ఉంది, ఆచారం నడుస్తూనే ఉంది, బలి జీవి ఒక్కటే మారింది. దున్నపోతు బలి ఆ కొండల్లో ఇరవయ్యో శతాబ్దంలోనూ సాగింది.

క్యాంప్‌బెల్ 1842లో తన పటాలంతో చైనా యుద్ధానికి వెళ్లాడు. గంజాం కొండల్లో ఒట్లు పెట్టించిన మనిషి నల్లమందు వ్యాపారం కోసం జరిగిన పోరుకు పోవడం ఆ సామ్రాజ్యంలో ఎవరికీ వింతగా తోచలేదు. అతని స్థానంలోకి వచ్చిన శామ్యూల్ చార్టర్స్ మెక్‌ఫర్సన్ అంతకుముందే కోందుల దేశాన్ని సర్వే చేసి, 1842లో పెద్ద నివేదిక ప్రచురించినవాడు. కోందుల దేవతలు, కట్టుబాట్లు, తగాదాల గురించి తొలిసారి వివరంగా రాసింది ఇతనే. అతని లెక్కలో కోందులు రెండు మతశాఖలు: తారిని కొలిచి నరబలి ఇచ్చేవాళ్లు, సూర్యుడైన బూరా పెన్నును కొలిచి నరబలిని అసహ్యించుకునేవాళ్లు. ఈ రెండోవాళ్లలో, ముఖ్యంగా సురడ వైపు కొండల్లో, ఆడశిశువులను చంపే ఆచారం ఉందని చూపించాడు. ఇంత చక్కగా గీతగీసినట్టు శాఖలు నిజంగా ఉండేవా అని తర్వాతి పరిశోధకులు సందేహించారు. ఆ సందేహం సరైనదే అనిపిస్తుంది. స్కాట్లండ్ నుంచి వచ్చిన చదువరి తన దేశపు మతశాఖల కళ్లద్దాల్లోంచి కోందులను చూసి ఉండవచ్చు.

మెక్‌ఫర్సన్ పద్ధతి వేరు. కోందు తెగల మధ్య తరాలుగా నలుగుతున్న పొలం, పెళ్లి, పగ తగాదాలను కూర్చుని తీర్చేవాడు. న్యాయం సర్కారు ఇస్తుంది, బదులుగా మెరియాలను వదలండి అన్నది అతని బేరం. ఘుమ్సర్‌లో ఇది చాలావరకు నెగ్గింది. 1845 నాటి 21వ చట్టం మద్రాసు, బెంగాల్ వైపుల కొండలన్నీ కలిపి మెరియా ఏజెన్సీ అనే ప్రత్యేక శాఖను పెట్టి, అతన్నే ఏజెంటును చేసింది. 1846 మొదట్లో అతను బోద్ కొండలెక్కి బిసిపడలో మకాం పెట్టాడు. నూటికి పైగా మెరియాలను కోందులు తెచ్చి అప్పగించారు. కొద్ది రోజులకే పెద్ద గుంపు ఆయుధాలతో వచ్చి మకాం చుట్టుముట్టింది. అతను ఆ మెరియాలను బోద్ రాజుకు అప్పజెప్పి బయటపడాల్సి వచ్చింది. వెంటనే ఘుమ్సర్‌లో అలజడి లేచింది. చక్ర బిసోయి ముందుకొచ్చాడు. సైన్యం మళ్లీ దిగింది, ఊళ్లు మళ్లీ కాలాయి.

ఇంతకీ ఎందుకు చెడింది? రాజులకు మెరియాల మీద ప్రేమేమీ లేదు గానీ, తీర్పు చెప్పే హక్కు తమ చేతినుంచి తెల్లవాడికి పోతోందన్న భయం ఉంది. మెక్‌ఫర్సన్ నమ్ముకున్న సుందర సింగ్ లాంటి ఉద్యోగుల మీద బిసోయిలకు, ముఖ్యంగా సామ్ బిసోయికి, పగ ఉంది. కొండల్లో సర్కారు పన్ను వెయ్యబోతోందన్న పుకారు లేచింది. మతం పేరు మీద లేచిన గొడవలో మతం పాలు చూస్తే కొంచెమే. సైన్యాధికారి జనరల్ డైస్ తప్పంతా మెక్‌ఫర్సన్‌దేనని రాశాడు. 1847లో ఏజెంటునూ అతని సహాయకులనూ తొలగించారు. తర్వాత విచారణ జరిపిన జాన్ పీటర్ గ్రాంట్ ఆరోపణలు నిలవవని తేల్చినా ఉద్యోగం తిరిగి రాలేదు. ఏజెంటుగా మళ్లీ క్యాంప్‌బెల్ వచ్చి 1854 దాకా ఉన్నాడు. ఘనత ఎవరిదన్న తగవు ఆ ఇద్దరి మధ్య ఎంత ముదిరిందంటే, 1864లో క్యాంప్‌బెల్ తన పుస్తకం వేస్తే, మరుసటి ఏడాది మెక్‌ఫర్సన్ తమ్ముడు అన్న కాగితాలతో ఇంకో పుస్తకం వేశాడు. ఒకదాంట్లో ఒకరు, ఇంకోదాంట్లో మరొకరు కోందుల ఉద్ధారకులు.

ఈ తగవు లండన్, కలకత్తాల్లోనూ నడిచింది. కలకత్తాలో ఉన్న స్కాటిష్ మిషనరీ అలెగ్జాండర్ డఫ్ కలకత్తా రివ్యూ పత్రికలో కోందుల గురించి వరసగా దీర్ఘవ్యాసాలు రాసి మెక్‌ఫర్సన్‌ను ఆకాశానికెత్తాడు. బానిస వ్యాపారం మీద గెలిచిన ఉత్సాహంలో ఉన్న ఇంగ్లండు పాఠకులకు మెరియా కథ సరిగ్గా కావలసిన కథ. ఆ తర్వాత జేమ్స్ ఫ్రేజర్ తన 'గోల్డెన్ బౌ'లో పైరు కోసం చేసే బలికి మెరియాను ప్రధాన ఉదాహరణగా చూపించాడు. అలా గంజాం కొండల ఆచారం ప్రపంచంలో చదువుకున్నవాళ్లందరికీ తెలిసింది. మైదానంలో కరువు ఎందుకొచ్చిందో, అక్కడి పిల్లలు ఎందుకు అమ్ముడయ్యారో మాత్రం ఎవరికీ పట్టలేదు.

క్యాంప్‌బెల్ లెక్క ప్రకారం 1837 నుంచి 1854 దాకా విడిపించిన మెరియాలు 1,506 మంది. వీళ్లలో మగవాళ్లు 717, ఆడవాళ్లు 789. ఈ వెయ్యిన్నర మందిని ఏం చెయ్యాలన్నది సర్కారుకు పెద్ద చిక్కు. అమ్మినవాళ్లు కన్నవాళ్లే అయినప్పుడు ఎవరికి తిరిగి అప్పగిస్తారు? కొందరిని బంధువులకు ఇచ్చారు. ఎదిగిన ఆడపిల్లలను కోందులకో మైదానపు రైతులకో పెళ్లి చేశారు. మగవాళ్లలో కొందరికి సర్కారు కొలువు దొరికింది, మరికొందరికి పొలమిచ్చి సేద్యానికి కూర్చోబెట్టారు. పారిపోయినవాళ్లూ ఉన్నారు, జబ్బుచేసి పోయినవాళ్లూ ఉన్నారు. చిన్నపిల్లలను మిషన్లకు అప్పగించారు. పోషణ ఖర్చు సర్కారుది.

ఇక్కడే బరంపురం కథలోకి వస్తుంది. ఇంగ్లండులోని జనరల్ బాప్టిస్టు మిషన్ 1822లో కటకంలో పని మొదలుపెట్టింది. ఆ మిషన్‌కు తొలి హిందూ బాప్తిస్మం దొరికింది మాత్రం కటకంలో కాదు, బరంపురంలో. 1827 క్రిస్మస్ నాడు బాప్తిస్మం పొందిన ఆ మనిషి ఒక తెలుగు నేతగాడు. మిషనరీలు అతని పేరు ఎరూన్ అని రాసుకున్నారు. మొదటి ఒడియా విశ్వాసి, బ్రాహ్మణుడైన గంగాధర్ సారంగి, తర్వాతి మార్చిలో చేరాడు. ఒడిశా మిషన్ చరిత్రలో గంగాధరుడి పేరు నిలిచినంతగా తెలుగు నేతగాడి పేరు నిలవలేదు. మిషన్ తన పనికి ఒడియా భాషను ఎంచుకోవడమే దానికి కారణం. యుద్ధం ముగిశాక ఐజాక్ స్టబ్బిన్స్, హెన్రీ విల్కిన్సన్ లాంటి మిషనరీలు బరంపురంలోనూ, పాత గంజాం పట్నంలోనూ ఉండి మెరియా పిల్లల ఆశ్రయశాల నడిపారు. తక్కిన పిల్లలు కటకం వెళ్లారు. 1860లలో రస్సెల్‌కొండలోనూ మిషన్ స్టేషను వెలిసింది. క్యాథలిక్కుల వైపు, 1846లో విశాఖపట్నం చేరిన సవాయ్ ప్రాంతపు ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు సురడలో కేంద్రం పెట్టుకున్నారు. 1922లో ఆ పని స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంటు సభ వారి చేతికి మారింది.

ఆశ్రయశాల పిల్లలు బైబిలు, లెక్కలు, చేతిపనులు నేర్చుకున్నారు. వాళ్లలోంచి ఉపదేశకులూ టీచర్లూ వచ్చారు. ఒకరినొకరు పెళ్లాడి కొత్త క్రైస్తవ పేటలు కట్టుకున్నారు. పుట్టుక కొందరిది పాణో, కొందరిది మైదానపు ఒడియా, కొందరిది కోందు. పెరిగిన భాష అందరిదీ ఒడియా. కొండల్లో వాళ్లకు దేవత సొత్తు అన్న పేరు, కిందికొచ్చాక సర్కారు పిల్లలన్న పేరు, తర్వాత క్రైస్తవులన్న పేరు. ఏ పేరూ వాళ్లు కోరి పెట్టుకున్నది కాదు. మిషన్ వాళ్లను కోందుల మధ్య పనికి తిరిగి పంపాలనుకుంది. కానీ తాము ఖరీదుకట్టి కొన్న మనిషి గురువై తిరిగొస్తే వినే కోందులు ఎక్కువమంది ఉంటారని ఎదురుచూడటం అత్యాశే.

మెరియా ఏజెన్సీని 1861లో ఎత్తేశారు. అప్పటికి బలి దాదాపు ఆగిపోయింది. ఆ పాతికేళ్లలో పెట్టిన పాలనా పద్ధతి మాత్రం మిగిలింది. రస్సెల్ సూచన మీద 1839లో వచ్చిన 24వ చట్టం గంజాం, విశాఖపట్నం కొండప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించి, గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరు కింద పెట్టింది. ఇవాళ పాడేరులోనో పార్వతీపురంలోనో జనం ఏజెన్సీ అని మామూలుగా అనే ప్రాంతానికి పునాది ఇదే. గిరిజనుల భూమి మైదానంవాళ్లకు పోకుండా 1917లో తెచ్చిన మద్రాసు చట్టం గంజాం, విశాఖ, గోదావరి ఏజెన్సీలకు వర్తించింది. ఆంధ్రప్రదేశ్‌లో 1959 నాటి రెగ్యులేషన్‌కూ, 1970లో వచ్చిన 1/70 సవరణకూ పూర్వరూపం అది. పాలన ప్రత్యేకమైనంత మాత్రాన భూమి దక్కలేదు. యుద్ధం తర్వాత వేసిన కనుమదారుల వెంటే ఉప్పుతో పాటు సారా కాంట్రాక్టర్లు, వడ్డీవ్యాపారులు, మైదానపు రైతులు పైకెక్కారు. వీళ్లలో ఒడియావాళ్లు ఎక్కువ, తెలుగు కోమట్లూ ఉన్నారు.

భాష విషయంలో జరిగిన పని తక్కువే అయినా మంచి పని. ఏజెన్సీలో పనిచేసిన కెప్టెన్ ఫ్రై కుయి నేర్చుకుని, ఒడియా లిపిలో దానికి వాచకాలు తయారుచేసి, కొండల్లో బడులు పెట్టించాడు. తర్వాత గంజాంలో పనిచేసిన తెలుగు ఉద్యోగి లింగం లక్ష్మాజీ కుయి వ్యాకరణం రాశాడు. దాని ముద్రణ ఒకటి 1902లో కలకత్తాలో వెలువడింది. సవర భాషకు పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి చేసిన సేవ తెలుగు పాఠకులందరికీ తెలుసు. కుయికి లక్ష్మాజీ చేసింది ఎక్కువమందికి తెలియదు. కోందుల భాషను కోందుల కోసం పట్టించుకున్న ప్రభుత్వం ఏదీ లేకపోయింది. గంజాం కచేరీల్లో చాలాకాలం తెలుగు నడిచింది. ఒడియావారు దాని మీద పోరాడి ఒడియాకు చోటు సంపాదించారు. 1936 ఏప్రిల్ 1న గంజాం కొత్త ఒడిశా రాష్ట్రంలో చేరింది. తెలుగా ఒడియానా అన్న ఆ తగవులో కుయి పేరెత్తినవాళ్లు లేరు. ఒడిశాలో కలిశాక ఆర్యపల్లి లాంటి తీరపు పల్లెలవాళ్లు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అయ్యారు. కొండల్లో కోందుల పిల్లలకూ బడి అంటే ఒడియానే.

మిషన్ మళ్లీ కొండెక్కింది ఇరవయ్యో శతాబ్దంలో. ఆలివర్ మిల్‌మన్ బరంపురం నుంచి వెళ్లి జి. ఉదయగిరిలో స్టేషను పెట్టాడు. 1910లలో తొలి కోందు బాప్తిస్మాలు జరిగాయి. 1939లో అక్కడ మూర్స్‌హెడ్ స్మారక ఆసుపత్రి తెరిచారు. మలేరియాకు మందు, కాన్పుకు నర్సు దొరకడంతో మిషన్ మాట వినేవాళ్లు పెరిగారు. క్రైస్తవంలోకి కోందులకన్నా పాణోలు ఎక్కువ వేగంగా వచ్చారు. చదువుతో పాటు పాత తక్కువతనం నుంచి బయటపడే దారి వాళ్లకు అక్కడ కనిపించింది. 1950లలో బిసిపడలో ఉండి అధ్యయనం చేసిన బ్రిటిష్ మానవశాస్త్రవేత్త ఎఫ్. జి. బెయిలీ, అంటరానివారిగా చూసిన పాణోలు వ్యాపారంతోనూ సర్కారు ఉద్యోగాలతోనూ పైకొస్తుంటే పాత కులాలు ఎలా తట్టుకోలేకపోయాయో వివరంగా రాశాడు. 1846లో మెక్‌ఫర్సన్ మకాంను గుంపు చుట్టుముట్టిన ఊరే ఈ బిసిపడ.

1949లో ఘుమ్సర్ కొండప్రాంతం బోద్-కంధమాల్ జిల్లాలోకి, 1994లో కంధమాల్ జిల్లాలోకి వెళ్లింది. పాణోలు తమనూ షెడ్యూల్డు తెగల్లో చేర్చమన్నారు. కోందు సంఘాలు ససేమిరా అన్నాయి. క్రైస్తవులైన పాణోలకు షెడ్యూల్డు కులం హోదా చట్టప్రకారం పోతుంది. తెగ హోదా అయితే పోదు. కాబట్టి ఈ కోరిక కేవలం గౌరవం కోసం కాదు, రిజర్వేషన్, భూమి కోసం కూడా. మతమార్పిడి, తిరిగి హిందువులను చెయ్యడం అన్న రెండు ఉద్యమాలు దీని మీద పడ్డాయి. 2007 డిసెంబరులో గొడవలు జరిగాయి. 2008 ఆగస్టు 23న జలేస్పటా ఆశ్రమంలో, తిరిగి హిందువులను చేసే ఉద్యమ నాయకుడు స్వామి లక్ష్మణానంద సరస్వతినీ మరికొందరినీ కాల్చి చంపారు. తామే చేశామని మావోయిస్టులు ప్రకటించారు. ఆ తర్వాత వారాలపాటు క్రైస్తవుల ఇళ్లు, ప్రార్థనాలయాలు తగలబడ్డాయి. పదుల మంది చనిపోయారు, వేలమంది జి. ఉదయగిరి, రైకియా, టికాబలి శిబిరాల్లోనూ, బరంపురం, భువనేశ్వర్, కటకాల్లోనూ తలదాచుకున్నారు. విచారణకు వేసిన జస్టిస్ ఎస్. సి. మహాపాత్ర కమిషన్ 2009 నాటి మధ్యంతర నివేదికలో భూమి తగాదాలు, మతమార్పిడి, తిరిగి మార్పిడి కారణాలని పేర్కొంది. 2010 ఫిబ్రవరిలో యూరోపియన్ యూనియన్ ప్రతినిధులు కంధమాల్ వచ్చి శిబిరాల్లో ఉండి వచ్చినవాళ్లతో, అధికారులతో మాట్లాడారు. విదేశీయుల రాకను హిందూ సంఘాలు వ్యతిరేకించాయి, చర్చిలు స్వాగతించాయి. ఇళ్లు కోల్పోయినవాళ్లలో కొందరు సొంత ఊళ్లకు తిరిగి వెళ్లలేదు. రోడ్డు పక్కన, పట్నాల అంచున కొత్త కాలనీలు కట్టుకుని ఉండిపోయారు.